చదువు - సందేహాలు: ఓపెన్ స్కూల్ ఇంగ్లీషు పరీక్షకు ఇంటి దగ్గరే ఎలా తయారవ్వాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టినవాళ్లవి, వాళ్ల తల్లిదండ్రులవి. అందరి భయమూ ఇంగ్లీషే. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాం. విడిగా చెప్పనిచోట ఈ జవాబులు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్, అంటే ఎన్‌ఐఓఎస్ వారి సెకండరీ ఇంగ్లీషు (కోడ్ 202) గురించి ఇచ్చినవి.

ప్రశ్న: ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇప్పుడు తెలుగు మీడియంలో పదో తరగతి కట్టాను. పాఠాల మధ్యలో ఇచ్చే ప్రశ్నలు చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుంటే మాత్రం ఒక్క వాక్యం కూడా రాయలేకపోతున్నాను. ఎందుకిలా? - గృహిణి, ఒంగోలు

మీ తెలివికి ఏ లోటూ లేదమ్మా. ప్రశ్నలను మీరు వాడుకుంటున్న తీరు మారాలి, అంతే.

ఎన్‌ఐఓఎస్ పుస్తకంలో పాఠం మధ్యలో వచ్చేవాటిని ఇన్‌టెక్స్ట్ ప్రశ్నలంటారు. వాటి జవాబులు పాఠం చివర ఉంటాయి. చాలామంది ప్రశ్న చదివి, మనసులో ఏదో అనుకుని, చివరి పేజీ తిప్పి, ‘అవును, నేననుకున్నదీ ఇదే’ అని ముందుకు వెళ్లిపోతారు. జవాబు కళ్లముందుంటే గుర్తుపట్టడం ఎవరికైనా తేలికే. పరీక్షలో జవాబు ఎదురుగా ఉండదు, మీరే తలలోంచి బయటికి తీయాలి. ఈ రెండూ వేర్వేరు పనులు. మీరు ఇన్నాళ్లూ మొదటిదాన్నే సాధన చేశారు.

ఈ తేడాను అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు రోడిగర్, కార్పికె 2006లో కొలిచి చూపించారు. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. చదివిన వెంటనే ‘అంతా వచ్చేసింది’ అనిపించడాన్ని నమ్మకూడదని చెప్పేది ఇందుకే.

ఇక మీరు చేయాల్సింది. జవాబుల పేజీని పిన్నుతో మూసేయండి. ప్రశ్న చదివి, పాఠం కూడా మూసి, పెన్నుతో పూర్తి వాక్యం రాయండి. ఒక్క ముక్కలో రాసి వదిలేయకండి. సెట్ మొత్తం అయ్యాకే జవాబులు తెరవండి. దిద్దేటప్పుడు మూడు గుర్తులు పెట్టుకోండి: పూర్తిగా సరైనది, విషయం తెలిసినా ఇంగ్లీషు తప్పినది, విషయమే తెలియనిది. మూడో రకానికి మందు పాఠం మళ్లీ చదవడమే. మీ సమయం ఎక్కువగా పెట్టాల్సింది రెండో రకం మీద. మార్కులు అక్కడే పోతాయి.

ఇంట్లో దిద్దేవాళ్లు లేకపోతే ప్రశ్నలోని మాటలతోనే జవాబు మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి. ‘వై డిడ్ ద బాయ్ రన్ అవే?’ అని అడిగారనుకోండి. ‘ద బాయ్ ర్యాన్ అవే బికాజ్...’ అని ఎత్తుకోవాలి. ప్రశ్నలో ‘డిడ్’ ఉంది కాబట్టి జవాబులో క్రియ భూతకాలంలో ఉండాలి, ‘రన్’ కాస్తా ‘ర్యాన్’ అవుతుంది. ఈ చిన్న మార్పు తెలిస్తే సగం జవాబు ప్రశ్నలోనే దొరుకుతుంది. ‘బికాజ్’తో మొదలుపెట్టి అక్కడే ఆపేసిన జవాబు అసంపూర్ణ వాక్యం కిందికి వస్తుంది.

ఒకసారి రాసిన సెట్‌ను రెండు రోజులాగి ఒకసారి, వారానికి ఇంకోసారి, నెలకు మరోసారి చూడకుండా రాయండి. తప్పినవి మాత్రమే రాస్తే చాలు. ఆదివారం అరగంట పెట్టుకుని, ఆ వారం చదివిన పాఠం వదిలేసి, అంతకుముందు పాఠాల నుంచి పది ప్రశ్నలు తీసి పరీక్షలా రాసుకోండి. ఫోనులో టైపు చేయొద్దు. స్పెల్లింగును ఫోనే దిద్దేస్తుంది, పరీక్ష హాల్లో ఆ సాయం ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి టీఎంఏలు రాయాలి. ‘అవి ఎవరూ చూడరు, నెట్‌లో దొరికేవి కాపీ చేసి పెట్టేస్తే సరి’ అంటున్నాడు. నిజమేనా? - ఒక తండ్రి, వరంగల్

కాదు. టీఎంఏ అంటే ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్. తుది మార్కుల్లో దాని వాటా 20 శాతం. ఇంటి దగ్గర కూర్చుని, పుస్తకం పక్కన పెట్టుకుని, తొందర లేకుండా సంపాదించుకోగల మార్కులు అవి. వాటిని కాపీకి వదిలేయడం చూస్తే మాకు నిజంగా బాధగా ఉంటుంది.

టీఎంఏలో ఆరు ప్రశ్నలుంటాయి. అన్నీ తప్పనిసరే. ఒక్కో ప్రశ్నలో రెండు ఇచ్చి, ఏదో ఒకటి రాయమంటారు. మొదటి మూడూ రెండేసి మార్కులవి, 40 నుంచి 60 పదాల్లో రాయాలి. తర్వాతి రెండూ నాలుగేసి మార్కులవి, 100 నుంచి 150 పదాలు. చివరిది ఆరు మార్కుల ప్రాజెక్టు, దాదాపు 500 పదాలు. మొత్తం 20 మార్కులు. మామూలు చేతిరాతలో వరుసకు ఎనిమిది తొమ్మిది పదాలు పడతాయి కాబట్టి రెండు మార్కుల జవాబు ఆరేడు వరుసలు, నాలుగు మార్కులది పదిహేను వరుసల పైన, ప్రాజెక్టు మూడు పేజీల దాకా వస్తుంది. రెండు మార్కుల ప్రశ్నకు పేజీ నింపినా రెండు మార్కులే. ప్రాజెక్టును అరపేజీలో ముగిస్తే మాత్రం మూడు మార్కులు పోతాయి. పిల్లలు సరిగ్గా దీన్నే తిరగేసి చేస్తారు.

మొదటి పేజీ పైన పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, స్టడీ సెంటర్ పేరు, సబ్జెక్టు, కోడ్ ఉండాలి. చేత్తో రాసి, స్కాన్ చేసి, సబ్జెక్టుకు ఒక పీడీఎఫ్‌గా విద్యార్థి లాగిన్‌లో అప్‌లోడ్ చేస్తారు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు నాలుగు: పెన్సిల్‌తో గాని లేత నీలం ఇంకుతో గాని రాయడం వల్ల స్కాన్‌లో అక్షరాలు మసకబారడం, పేజీలు అడ్డంగా తిరిగిపోవడం, ఒక సబ్జెక్టు ఫైలు ఇంకో సబ్జెక్టు దగ్గర ఎక్కించడం, చివరి రోజు రాత్రి సర్వర్ మొరాయించడం. అప్‌లోడ్ చేశాక ఫైలు తెరిచి అన్ని పేజీలూ చూసుకోండి. సాధారణంగా ఏప్రిల్ పరీక్షలు రాసేవారికి జనవరి నెలాఖరు, అక్టోబరు పరీక్షలవారికి జులై నెలాఖరు గడువుగా పెడతారు. మీ సెషన్ గడువు ఏదో లాగిన్‌లో చూసి క్యాలెండరు మీద రాసుకోండి.

ఇంకో సంగతి. ఇప్పుడు ప్రతి సబ్జెక్టులోనూ పాఠాలను రెండుగా విడదీశారు. 40 శాతం పాఠాలు టీఎంఏకి, మిగతా 60 శాతం పబ్లిక్ పరీక్షకు. ఏ పాఠం ఎటు పోయిందో తెలిపే పట్టిక ఎన్‌ఐఓఎస్ వెబ్‌సైట్‌లో ఉంది. ఆ పట్టిక దగ్గర లేకుండా చదువు మొదలుపెట్టొద్దు. పాత గైడ్లలో ఈ విభజన ఉండదు, అది చూసి చదివినవాళ్లు పరీక్షకు రాని పాఠాల మీద వారాలు పోగొట్టుకుంటున్నారు. టీఎంఏ పాఠాల్లోని గ్రామర్‌ను మాత్రం వదలకూడదు. ‘సిన్స్’కూ ‘ఫర్’కూ తేడా ఏ పాఠంలో నేర్చుకున్నా ప్రతి జవాబులోనూ పనికొస్తుంది.

ప్రశ్న: మేం కువైట్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పరీక్ష రాయవచ్చా?

రాయలేదు. పాఠాలు దూరం నుంచి చదవవచ్చు, టీఎంఏలు ఆన్‌లైన్‌లో పంపవచ్చు. పబ్లిక్ పరీక్ష మాత్రం కేటాయించిన కేంద్రానికి వెళ్లి పెన్నుతో రాయాల్సిందే. గల్ఫ్ దేశాల్లో ఎన్‌ఐఓఎస్ కేంద్రాలున్నాయి. అడ్మిషన్ ఫీజు కట్టగానే పరీక్ష ఫీజు కూడా కట్టేసినట్టు కాదు. ప్రతి సెషన్‌కూ, రాయబోయే సబ్జెక్టులకు విడిగా కట్టాలి. హాల్‌టికెట్ రాగానే అందులో 202 ఉందో లేదో చూసుకోండి. 302 అని ఉంటే అది ఇంటర్ స్థాయి ఇంగ్లీషు.

ప్రశ్న: గ్రామర్ బిట్లలో రూల్ తెలిసి కూడా తప్పు చేస్తున్నాను. తెలుగులో ఆలోచించడం వల్లే ఇలా అంటున్నారు. నిజమేనా? ఏం చేయాలి? - ప్రైవేటు ఉద్యోగి, రాజమహేంద్రవరం

కొంతవరకు నిజమే. అయితే తెలుగులో ఆలోచించడం మానేయాల్సిన పని లేదు. తెలుగు ఎక్కడ ఇంగ్లీషుతో కలవదో తెలుసుకుంటే చాలు. అలాంటి చోట్లు పట్టుమని పది కూడా లేవు, మార్కులు మాత్రం ఎక్కువగా అక్కడే పోతాయి.

‘రెండేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను’, ‘2020 నుంచి ఇక్కడ ఉంటున్నాను’. తెలుగులో రెండింటికీ ‘నుంచి’ సరిపోయింది. ఇంగ్లీషులో ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. ‘ఫర్ టూ ఇయర్స్’, ‘సిన్స్ 2020’. దాంతోపాటు ‘ఉంటున్నాను’ను ‘ఐ యామ్ లివింగ్’ అని దించేస్తారు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పని కనుక ‘ఐ హావ్ బీన్ లివింగ్’ అవుతుంది. ఒక్క వాక్యంలో రెండు తప్పులు దొర్లే చోటు ఇది. పేపరు తయారుచేసేవాళ్లకు కూడా ఇష్టమైన చోటు.

రిపోర్టెడ్ స్పీచ్ దగ్గర మన భాష ఇంకా గట్టిగా లాగుతుంది. ‘రేపు వస్తానని రవి చెప్పాడు’ అంటాం. ‘వస్తాను’ అనే మాట రవి నోటి నుంచి వచ్చినట్టే ఉండిపోయింది, చివర ‘అని’ చేరిందంతే. అదే ధోరణిలో ‘రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాస్తే, వచ్చేది రవి కాదు, రాసినవాళ్లని అర్థం. ఇక్కడ మూడు మార్చాలి: మనిషి, క్రియ, కాలం. ‘ఐ’ పోయి ‘హీ’, ‘విల్’ పోయి ‘వుడ్’, ‘టుమారో’ పోయి ‘ద నెక్స్ట్ డే’. రవి సెడ్ దట్ హీ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే. ఈ మూడింటినీ పేపరు అంచున మనిషి-క్రియ-కాలం అని రాసుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ మార్చండి. మూడూ ఒకేసారి తలలో మార్చబోతే ఏదో ఒకటి జారిపోతుంది.

ఎ, ఆన్ అనే ఆర్టికల్స్ దగ్గర మాత్రం మన లిపి మనకు మేలు చేస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగు చూడకుండా ఆ మాటను తెలుగు అక్షరాల్లో రాసుకోండి. మొదటి అక్షరం అచ్చు అయితే ‘ఆన్’, హల్లు అయితే ‘ఎ’. అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే: అచ్చులే కాబట్టి ‘ఆన్’. యూనివర్సిటీ, యూరోపియన్: ‘య’ ఉంది కాబట్టి ‘ఎ’. ‘వన్ రూపీ కాయిన్’ ముందు కూడా ‘ఎ’. స్పెల్లింగు చూసి మోసపోయేవాళ్లు ఇక్కడ తప్పించుకుంటారు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. ‘దాని గురించి చర్చించారు’ అంటాం కదా అని ‘డిస్కస్ అబౌట్’ రాయకూడదు, ‘డిస్కస్’ పక్కన ఏదీ అక్కర్లేదు. ‘వన్ ఆఫ్ మై’ తర్వాత ‘ఫ్రెండ్స్’ అని బహువచనం, దాని తర్వాత క్రియ ‘ఈజ్’ అని ఏకవచనం. ‘డిడ్ నాట్’ తర్వాత ‘వెంట్’ కాదు ‘గో’. ‘నాకు ఇద్దరు అన్నలు’కు ‘ఐ యామ్ హావింగ్’ కాదు ‘ఐ హావ్’.

వీటికి ఒక నోటు పుస్తకం పెట్టండి. తప్పు వాక్యం, దాని కింద సరైన వాక్యం, పక్కన కారణం ఒక్క ముక్కలో. పది రోజులకోసారి తప్పు వాక్యాలు మాత్రమే కనిపించేలా కాగితం అడ్డం పెట్టి మళ్లీ దిద్దండి. అచ్చులో దొరికే వంద బిట్ల కంటే మీ సొంత ఇరవై తప్పులు ఎక్కువ నేర్పుతాయి.

ప్రశ్న: మూడు గంటలు చాలడం లేదు. చూడని పాసేజీ దగ్గరే గంట పోతోంది. - విద్యార్థి, ఖమ్మం

ప్రశ్నపత్రం వంద మార్కులకు, సమయం మూడు గంటలు. మార్కుకు నిమిషంన్నర లెక్క పెట్టుకోండి. వందకు 150 నిమిషాలవుతుంది, ఇంకో అరగంట మిగులుతుంది. పాసేజీ పది మార్కులదైతే పదిహేను నిమిషాలు. ఆ టైము దాటితే రాయాల్సిన చోటు వదిలి ముందుకు వెళ్లిపోవాలి.

రాయడం మొదలుపెట్టే ముందు చదవడానికి పదిహేను నిమిషాలు ఇస్తారు. మధ్యాహ్నం 2:15కి పేపరు చేతికొస్తుంది, 2:30కి రాయడం మొదలు. ఈ పదిహేను నిమిషాలను పాసేజీకే వాడండి. ముందు ప్రశ్నలు చదివి, తర్వాత పాసేజీ చదివితే, ఏ జవాబు ఏ పేరాలో ఉందో అప్పుడే తెలిసిపోతుంది. తెలియని మాట దగ్గర ఆగిపోవద్దు. అర్థం అడిగే ప్రశ్నలో పేరా సంఖ్య ఇస్తారు. నాలుగు ఆప్షన్లను ఒక్కొక్కటిగా ఆ వాక్యంలో పెట్టి చదివితే పొసగనివి రెండు వెంటనే తేలిపోతాయి. జవాబు రాసేటప్పుడు పాసేజీలోంచి రెండు మూడు వరుసలు ఎత్తి రాయడం బాగా అలవాటైన తప్పు. అందులో జవాబున్నా, అడగని విషయం కలిసినందుకు మార్కు తగ్గుతుంది.

ఆబ్జెక్టివ్ ప్రశ్నలను పేపరు మొదట్లోనే ముగించండి. వాటికి జవాబును ప్రశ్నపత్రం మీద టిక్కు పెడితే లెక్కలోకి రాదు. ఆన్సర్ బుక్‌లో ప్రశ్న నంబరు వేసి రాయాలి.

ప్రశ్న: ఉత్తరం రాసే ప్రశ్నలో నా అసలు పేరు, మా ఊరి చిరునామా రాయవచ్చా?

రాయొద్దు. ఆన్సర్ బుక్‌లో కేటాయించిన చోట తప్ప ఇంకెక్కడైనా రోల్ నంబరుగానీ, మనిషిని గుర్తుపట్టే ఆనవాళ్లుగానీ ఉంటే అనర్హులవుతారని ప్రశ్నపత్రం మీదే హెచ్చరిక ఉంటుంది. ప్రశ్నలో పేరు ఇస్తే అదే వాడండి. ఇవ్వకపోతే ఎ.బి.సి. అని పెట్టండి, చిరునామాకు ‘ఎగ్జామినేషన్ హాల్’ చాలు.

అధికార ఉత్తరంలో వరుస తప్పకూడదు: పంపేవారి చిరునామా, తేదీ, అందుకునేవారి హోదా-చిరునామా, విషయం ఒక వరుసలో, సంబోధన, అసలు సంగతి మూడు చిన్న పేరాల్లో, చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. ‘ఫెయిత్‌ఫుల్లీ’లో చివర ‘ఎల్’ అక్షరాలు రెండు, ‘యువర్స్’లో ‘ఆర్’కూ ‘ఎస్’కూ మధ్య పైన పెట్టే కామా గుర్తు (అపాస్ట్రఫీ) ఉండదు. చాలామంది విషయం వరుస మర్చిపోతారు. మీ గొడవ ఏమిటో మొదటి పేరాలోనే చెప్పేయండి, ‘మీరు క్షేమమని తలుస్తాను’ లాంటివి సొంతవాళ్లకు రాసే ఉత్తరాలకే.

ఆన్సర్ బుక్ పైన ప్రశ్నపత్రం కోడ్ నంబరు వేయడం కూడా మరవకండి. ఒకే రోజు వేర్వేరు సెట్లు ఉంటాయి. కోడ్ లేకపోతే ఏ సెట్ కీతో దిద్దాలో తెలియదు.

ప్రశ్న: నాలుగు సబ్జెక్టులు పాసయ్యాను, ఇంగ్లీషు ఒక్కటే పోయింది. మళ్లీ అన్నీ రాయాలా?

అక్కర్లేదు. పాసైన సబ్జెక్టులు మీ ఖాతాలో భద్రంగా ఉంటాయి. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిది అవకాశాలుంటాయి. ఇంగ్లీషు ఒక్కదానికే ఫీజు కట్టి తర్వాతి సెషన్‌లో రాయవచ్చు. అంతకాలం ఆగలేకపోతే ఆన్ డిమాండ్ పరీక్ష ఉంది. ప్రాంతీయ కేంద్రం ఇచ్చిన తేదీల్లో మీకు వీలైనది ఎంచుకోవచ్చు. ఒక్కో అభ్యర్థికి ప్రశ్నల నిధి నుంచి కంప్యూటరు విడిగా పేపరు తీసిస్తుంది. కాబట్టి ‘నిన్న రాసినవాళ్లకు ఏం వచ్చింది’ అని అడిగి లాభం లేదు.

తేదీ తీసుకునే ముందు ఇంట్లో గడియారం పెట్టుకుని రెండు పాత పేపర్లు పూర్తిగా రాయండి. పాస్ మార్కు 33 శాతం. రెండింటిలోనూ కఠినంగా దిద్దుకున్నాక 45 దాటితేనే తేదీ ఖాయం చేసుకోండి. సొంతంగా దిద్దుకునేటప్పుడు మన రాతకు మనమే నాలుగు మార్కులు ఎక్కువ వేసుకుంటాం, ఆ ఎడం అందుకే.

ప్రశ్న: రాష్ట్ర ఓపెన్ స్కూల్లో కూడా పాస్ మార్కు ఇదేనా?

కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీల పదో తరగతిలో సబ్జెక్టుకు 35 రావాలి. వాటి పేపరు నమూనా కూడా వేరు. ఒక బోర్డు మోడల్ పేపర్లతో ఇంకో బోర్డు పరీక్షకు సిద్ధం కావొద్దు.

ప్రశ్న: మా బాబుకు డిస్లెక్సియా. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, రాయడం చాలా నెమ్మది. పరీక్షలో ఏమైనా వెసులుబాటు ఉందా? - ఒక తల్లి, హైదరాబాద్

ఉందండి, అది మీ హక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం కూడా ఒకటి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పేపరుకు గంట అదనంగా వస్తుంది. లేఖకుడి సాయం కూడా కోరవచ్చు.

వైద్య ధ్రువపత్రం అడ్మిషన్ సమయంలోనే జతచేయండి. పరీక్షకు ముందు స్టడీ సెంటర్ ద్వారా అదనపు సమయం కోసం రాతపూర్వకంగా అడిగి, అనుమతి కాగితం చేతికి తెచ్చుకోండి. హాల్లో కూర్చున్నాక నోటితో అడిగితే ఇన్విజిలేటర్ ఏమీ చేయలేరు.

లేఖకుడు వస్తే దానికీ సాధన కావాలి. కామా, ఫుల్‌స్టాప్, పెద్ద అక్షరం ఎక్కడో బాబే చెప్పాలి, కష్టమైన మాటల స్పెల్లింగు అక్షరం అక్షరం చెప్పడం అలవాటు కావాలి. పరీక్షకు రెండు నెలల ముందు నుంచి వారానికోసారి ఇంట్లో ఎవరైనా లేఖకుడిగా కూర్చుని, ఒక్క మాట కూడా తమంతట తాము దిద్దకుండా, బాబు చెప్పింది చెప్పినట్టే రాయండి.